టీవీలో మా అమ్మ చేసిన హత్య

మా చిన్నప్పుడు... మా అమ్మ ఒక పసివాడి పీక నులిమి చంపింది. టీవీలో. కృష్ణానగర్‌లో మా గల్లీవాళ్లమంతా ఓనరాంటీ ముందుగదిలో ఇరుక్కుని కూర్చుని చూసి, చప్పట్లు కొట్టాం.

అమ్మ జూనియర్ ఆర్టిస్టు. పెళ్లి సీన్లో అక్షింతలు వేసే గుంపులోనో, చావు సీన్లో ఏడ్చే గుంపులోనో ఉండేది. ఎంత వెతుక్కున్నా వీపో, జడో కనిపించేది... అంతే. హైటెక్ సిటీలో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. ఇటు జూబ్లీహిల్స్‌లో న్యూస్ ఛానళ్లు లేస్తున్నాయి. ఎక్కడో ఒక సవతి తల్లి నిజంగా చేసిన హత్యను ఒక ఛానల్ వాళ్లు క్రైమ్ ప్రోగ్రాంలో చూపించాలనుకున్నారు. అసలు దృశ్యాలు ఉండవు కదా... అమ్మతో చేయించి తీశారు.

అమ్మ మొహం మొదటిసారి తెర నిండా కనిపించింది. కళ్లెర్రజేసి, పళ్లు కొరుకుతూ... ఎంత బాగా చేసిందో. ‘నటులతో తీసిన దృశ్యాలు’ అని ఒక మూల చీమల్లాంటి అక్షరాలు వచ్చి పోయాయి. మాకు తెలిసిందే కాబట్టి మేమెవరం పట్టించుకోలేదు.

“రత్నం, నిన్ను జూస్తే నాకే భయమైంది గదనే” అని ఓనరాంటీ అమ్మ బుగ్గ గిల్లింది.

సినిమావాళ్లుండే కృష్ణానగర్‌లో ఇవన్నీ మామూలే. పొద్దున షూటింగ్‌లో చచ్చినవాడు సాయంత్రం మా పక్కనే నిలబడి మిర్చి బజ్జీ తినేవాడు. ఊరంతా మాలాగే ఉంటుందనుకున్నాం... అక్కడే దెబ్బతిన్నాం.

ఆ వారంలోనే నాకు స్కూలు బూట్లు కొనడానికి టోలిచౌకి వెళ్లాం. కూరగాయల బండి దగ్గర ఒకామె అమ్మను అదేపనిగా చూసింది. “గా పోరగాన్ని సంపినామె గీమెనే గదా” అంది పక్కామెతో. అంటూనే అమ్మ జుట్టు పట్టుకుని లాగింది.

“పసిపిల్లగాన్ని సంపనీకి చేతులెట్లొచ్చినయే నీకు” అని చెప్పు తీసి మొహం మీద కొట్టింది. గుంపు చేరింది. ఎవరిని కొడుతున్నారో, ఎందుకు కొడుతున్నారో తెలియకుండానే కొట్టారు. గాజులు పగిలి ముంజేతుల్లో దిగాయి. కిందపడితే పొట్టలో తన్నారు. నేను ఒకామె చెయ్యి రక్తం వచ్చేలా కొరికాను. ఆమె విసిరికొడితే మురుగు మోరీ పక్కన పడ్డాను.

“అది యాక్టింగండీ... నేను ఆర్టిస్టునండీ...” అమ్మ అరుస్తూనే ఉంది.

“టీవీల సూపెట్టిండ్రు. టీవీల అబద్ధం ఎందుకు సూపెడ్తరు” అన్నాడు బండాయన. అని, తూకం రాయి తీసి విసిరాడు. అమ్మ కనుబొమ్మ చీలి, చీరంతా రక్తమైంది.

పోలీసులొచ్చి విడిపించారు. “అసలామె ఎప్పుడో జైలుకు పోయింది” అని ఎస్సై చెప్తే, బట్టలు దులుపుకుని ఎవరి దారిన వాళ్లు పోయారు. సరే, ఆ గుంపుకు తెలిసింది. ప్రోగ్రాం చూసిన మిగతా జనానికి ఎవరు చెప్తారు?

కుట్లతోనే అమ్మ నన్ను తీసుకుని ఛానల్ ఆఫీసుకు వెళ్లింది. “ఒక్కసారి చెప్పండి సార్, నేను చంపలేదని. బయట అడుగు పెట్టలేకపోతున్నాను” అంది. ప్రోగ్రాం బాధ్యత చూసే ఆయన, “నటులతో తీశామని డిస్‌క్లెయిమర్ వేశాం కదమ్మా. దీనికి మళ్లీ స్లాట్ అంటే కుదరదు” అని లోపలికి వెళ్లిపోయాడు.

అక్కడ రిసెప్షన్‌లో పెద్ద డబ్బా టీవీ. అందులో అదే ప్రోగ్రాం మళ్లీ వస్తోంది. సోఫాలో కూర్చున్నవాళ్లు తెరను చూశారు, అమ్మను చూశారు... కాళ్లు వెనక్కి లాక్కున్నారు.

అమ్మ మూలనున్న పూలకుండీ ఎత్తి తెర మీద బాదింది. పెద్ద చప్పుడుతో పేలింది. గాజు ముక్కలు, మట్టి, పొగ... వాచ్‌మన్లు అమ్మ రెక్కలు విరిచి బయటికి ఈడ్చారు. మా అమ్మ జీవితంలో నిజంగా చేసిన దౌర్జన్యం అదొక్కటే. దాన్ని మాత్రం ఎవరూ చూపించలేదు.

ఆ ఏడాది పరీక్షలో ‘మాస్ మీడియా అంటే ఏమిటి’ అని అడిగారు. ‘ఒకే విషయాన్ని ఒకేసారి అసంఖ్యాక ప్రజలకు చేరవేసే సాధనం’ అని పుస్తకంలో ఉన్నట్టే రాశాను. పేపరు, రేడియో, సినిమా, టీవీ... అన్నీ రాశాను. వాళ్లు చెప్తారు, మనం వింటాం. మనం తిరిగి చెప్పాలంటే పూలకుండీ తప్ప దారి లేదని పుస్తకంలో లేదు.

ఇప్పుడు దారి ఉంది. అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఎవరైనా మాట్లాడొచ్చు. మొన్న ఆ పాత వీడియోను ఎవరో ‘రాక్షసి’ అని పేరు పెట్టి మళ్లీ వదిలారు. కింద బూతులే బూతులు. ‘ఈమె మా అమ్మ. జూనియర్ ఆర్టిస్టు. ఆ కేసుతో ఏ సంబంధమూ లేదు’ అని రాశాను. నవ్వే బొమ్మలు పెట్టారు. ‘ఎంతిచ్చారు’ అన్నారు. ‘నిన్నెందుకు చంపకుండా వదిలేసిందో’ అని ఒకడు రాశాడు. అప్పటి దెబ్బలు మానాయి... ఈ రాతలు రోజూ కొత్తగా వస్తూనే ఉన్నాయి.

అమ్మకిప్పుడు చూపు ఆనడం లేదు. నేను ఫోన్లో వాళ్లకు జవాబు రాస్తుంటే పక్కన కూర్చుని, “ఏమంటున్నారే? నమ్మారా?” అని అడిగింది.

“నమ్మారమ్మా” అన్నాను.

మీ చిన్నప్పుడు టీవీలో చూసి మీరూ ఎవరినైనా తిట్టుకునే ఉంటారు... అవన్నీ చెప్పండి, వింటాను. ముందు మాత్రం, ఈ పోస్టు కింద ఒక్కరైనా ‘నమ్మాం’ అని రాయండి. అమ్మకు చదివి వినిపించాలి.