ఏసయ్య అరచెయ్యి, దేవిదాస్ కెమెరా

బోధన్ దగ్గర ఒక చక్కెర మిల్లులో ఆవిరి గొట్టాలు చూసే ఫిట్టర్ ఏసయ్యకు ఒకటే పిచ్చి. కంటపడ్డ దేనిమీదైనా కుడి అరచెయ్యి ఆనించి, అది ఎన్ని డిగ్రీల వేడుందో చెప్పాలి. చెప్పకపోతే ఆయనకు అన్నం సహించదు.

చాయ్ గ్లాసు పట్టుకుంటే "అరవై రెండు" అనేవాడు. పెళ్లిచూపులకు వెళ్లి, కాబోయే అల్లుడితో చెయ్యి కలిపి, "తొంభై ఎనిమిదిన్నర. పిలగాడు మంచోడే" అని అక్కడికక్కడే సంబంధం ఖాయం చేశాడు. మెథడిస్టు చర్చిలో పాస్టరు ఆయన తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయబోతే, ఏసయ్య పాస్టరు నుదుటిమీదే చెయ్యి పెట్టి, "నూరు దాటింది అయ్యగారూ. ఇయ్యాల ప్రసంగం చిన్నగ జెప్పి పోయి పండుకోండ్రి" అన్నాడు. సంఘమంతా ఒక్క గొంతుతో ఆమెన్ అంది.

బాయిలర్ హౌస్ సూపర్‌వైజర్ షౌకత్‌కు ఈ పిచ్చితో రోజూ తంటాయే. వారానికి ఒకరినైనా ఏసయ్య భుజం పట్టుకుని తీసుకొచ్చేవాడు.

"సాబ్, గంగన్నకు నూట ఒకటి. ఇంటికి పంపుండ్రి."

"థర్మామీటర్ పెట్టి సూశినవా ఏసన్నా?"

"గాజు గొట్టానికేం దెల్సు సాబ్? నా చెయ్యికి ముప్పై ఏండ్ల సర్వీసు."

షౌకత్ గొణుక్కుంటూ సెలవు చీటీ రాసేవాడు. ఏసయ్యతో వాదించడం కంటే ఒక మనిషి తక్కువతో షిఫ్టు నడపడం సులువు.

2003 సీజన్ మొదట్లో మిల్లువాళ్లు నాందేడ్ నుంచి దేవిదాస్ అనే ఇంజనీరును పిలిపించారు. అతని దగ్గర వేడిని బొమ్మగా చూపించే కెమెరా ఉంది. దాని తెరమీద చల్లటివి నల్లగా, వేడివి తెల్లగా కనిపిస్తాయి. గొట్టం ఎక్కడ ఆవిరి కారుతుందో ఇట్టే తెలిసిపోతుంది. ఏసయ్య ఆ కెమెరాను సవతిని చూసినట్టు చూశాడు.

మధ్యాహ్నం చెరకు రసం కాచే హాలులో కెమెరా తిప్పుతున్న దేవిదాస్ ఉన్నట్టుండి ఆగిపోయాడు. వాడకుండా ఖాళీగా ఉంచిన పెద్ద తొట్టి ఒకటి అక్కడుంది. దాని దగ్గర, తెరమీద, తెల్లగా ఒక మనిషి ఆకారం. తల, భుజాలు, కాళ్లు అన్నీ ఉన్నాయి. కెమెరా దించి చూస్తే ఎవరూ లేరు. మళ్లీ ఎత్తితే ఉన్నాడు.

"అరే బాప్‌రే!" అన్నాడు దేవిదాస్.

వెనకనుంచి తొంగి చూసిన గంగన్న అయితే పేరు పెట్టి మరీ అరిచాడు. "లింబయ్య!"

లింబయ్య ఆ తొట్టి దగ్గర ఇరవై ఏళ్లు పనిచేసి, రెండేళ్ల కిందట ఇంటి దగ్గర జబ్బుచేసి పోయాడు. ఆయన భార్య నర్సవ్వ ఇప్పుడు అదే హాలు ఊడుస్తుంది. తెల్లారేసరికి పనివాళ్లంతా అటు అడుగే పెట్టం అన్నారు. "పెండ్లాం గీడనే తిరుగుతుంటే ఆయన ఎట్ల పోతడు? ముందుగాల ఆమెను తీసెయ్యుండ్రి" అని పట్టుబట్టారు. పని ఆగకూడదు, ఆమెను పంపెయ్ అని మేనేజరు చెప్పి చేతులు దులుపుకున్నాడు. నర్సవ్వ ముఖం మీద ఆ మాట చెప్పాల్సింది షౌకత్.

చెబుదామని వెళ్తే, ఆమె తొట్టి ముందు జొన్నరొట్టె, ఉల్లిగడ్డ పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. షౌకత్ వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు. తిన్నగా పోయి ఏసయ్యను, దేవిదాస్‌ను పిలుచుకొచ్చాడు. వాళ్ల వెనకే పనివాళ్లూ వచ్చి దూరంగా గుంపుకట్టారు.

ఏసయ్య తొట్టి మీద అలవాటుగా కుడిచెయ్యి పెట్టాడు. తర్వాత దాన్ని ముద్దు పెట్టుకోబోతున్నట్టు చెంప ఆనించాడు.

"సల్లగున్నది. నీ డబ్బా ఏమంటది?"

"ముప్పై నాలుగు. మనిషి ఒంటి వేడంత" అన్నాడు దేవిదాస్.

"అయితే ఇద్దరిల ఒకరు అబద్ధమాడుతున్నరు. నేనైతే ఆదివారం ఆదివారం చర్చికి పోయెటోన్ని. నువ్వు ఓ చెయ్యి లేపు."

దేవిదాస్ లేపాడు. తెరమీద లింబయ్యా లేపాడు.

"తల గోక్కో."

లింబయ్య గోక్కున్నాడు.

"ఒంటికాలి మీద నిలవడు."

నాందేడ్ ఇంజనీరూ దయ్యమూ కలిసి ఒంటికాలి మీద నిలబడి, కలిసే తూలారు. గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఏసయ్య ఒక గోనెసంచి తెచ్చి తొట్టికి అడ్డంగా వేలాడదీశాడు. దయ్యం మాయం. సంచి తీశాడు. మళ్లీ ప్రత్యక్షం. దేవిదాస్ నెత్తి కొట్టుకున్నాడు.

"ట్రైనింగ్‌ల జెప్పిన్రు సాబ్, మర్చిపోయిన. తొట్టికి చుట్టిన ఈ కొత్త రేకు మన కండ్లకు మసక గానీ వేడికి అద్దం. నా ఒంటి వేడే దానిమీద వడి తిరిగొస్తున్నది. గోనెసంచి అద్దం గాదు, అందుకే అండ్ల కనవడలే."

నర్సవ్వ లేచి వచ్చింది. "అయితే మా ఆయన ఈడ లేడా తమ్మీ?"

ఏసయ్య గొంతు తగ్గించాడు. "లేడక్కా. ఎప్పుడో పోయిండు."

"మంచిగయింది" అని ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. "ఇరవై ఏండ్లు గీ ఉడుకల నిలవడ్డడు. సచ్చినంక గూడ గీడనే డ్యూటీనా అని ఏడ్చిన." తొట్టి ముందున్న రొట్టె తీసి దేవిదాస్ చేతిలో పెట్టింది. "తిను బిడ్డా. నీకు పెట్టినట్టే అయింది."

గంగన్న తల వంచుకుని వచ్చి ఆమె చీపురు ఆమెకు అందించాడు.

సాయంత్రం బయల్దేరేముందు దేవిదాస్‌కు ఒక సరదా పుట్టింది. మూడు స్టీలు గ్లాసుల్లో చన్నీళ్లు, గోరువెచ్చటివి, వేడివి పోయించి, ఏసయ్యను కళ్లు మూసుకుని చెప్పమన్నాడు. మూడూ తప్పే. చన్నీళ్ల గ్లాసు పట్టుకుని "డెబ్బై" అన్నాడు ఏసయ్య. దేవిదాస్ విరగబడి నవ్వాడు. షౌకత్ నవ్వలేదు. ఏసయ్యను పక్కకు తీసుకుపోయాడు.

"నిజం జెప్పు ఏసన్నా."

"ఏం జెప్పాలె సాబ్. ఎనభై తొమ్మిదో సాలుల కాలే గొట్టం పట్టుకున్న. అప్పటి సంది ఈ చెయ్యికి ఉడుకు దెల్వది, సలువ దెల్వది. చెంప మంచిగనే పనిజేస్తది."

"మరి ఇన్నేండ్లు నాతోని రాయించిన జ్వరాలు?"

"మొకం సూసి జెప్పిన. గంగన్న పెండ్లాం కాన్పుకు దవాఖానల ఉంటే, వాడు ఈడ నిలవడి కునుకుతున్నడు. వాడు అలిసిండు, పంపుండ్రి అంటే మీరు పంపుతరా? డిగ్రీ జెప్తే పంపుతరు."

షౌకత్‌కు కోపం రావాలి. ఎంత వెతికినా దొరకలేదు. పోయినేడు తననూ ఇలాగే "నూట ఒకటి" అంటూ ఇంటికి తరిమాడు ఏసయ్య. తన భార్య రబియా మంచంపట్టిన రోజులవి. ఆ సంగతి షౌకత్ మిల్లులో ఎవరికీ చెప్పలేదు.

మరునాడు పొద్దున ఏసయ్య నర్సవ్వను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె కూతురు బాల్కొండలో ఉంటుంది. తండ్రి దయ్యమయ్యాడని అక్కడిదాకా కబురు పోయిందట, ఆ పిల్ల అన్నం ముట్టడం లేదట. ఏసయ్య నర్సవ్వ నుదుటివైపు చెయ్యెత్తబోయి, షౌకత్ చూపు చూసి, మెల్లగా దించేశాడు.

షౌకత్ చీటీల పుస్తకం ముందుకు లాక్కుని కలం తీశాడు.

"ఎంత రాయమంటవ్ ఏసన్నా? నూరు సాలదా?"

ఏసయ్య నర్సవ్వ ముఖంలోకి ఒకసారి పరీక్షగా చూశాడు.

"నూట రెండు రాయుండ్రి సాబ్. బిడ్డతోని రెండు దినాలన్న ఉండాలె."