మరియమ్మ మాట పూర్తి కానివ్వలేదు

పంతొమ్మిది వందల డెబ్బైల్లో ఉయ్యూరు దగ్గర చెరకు నరికే ముఠాకు నేను మేస్త్రీని. అప్పటికి నాకు సంతకం కూడా రాదు, నోరు మాత్రం పెద్దది. మా ముఠాలో మరియమ్మ అనే ముసలామె ఏది చెప్పినా పొద్దున తాగిన గంజి దగ్గర నుంచి మొదలుపెట్టేది. అందరం నవ్వేవాళ్లం.

నరకడం అయ్యాక ఎండుటాకును పొలంలోనే తగలబెట్టడం రివాజు. ఒక మధ్యాహ్నం నేను అగ్గిపెట్టె తీయగానే మరియమ్మ వచ్చింది.

“మేస్త్రి గారండీ, పొద్దున మా కోడలు గంజి తాగలేదండీ...”

“నీ గంజి పురాణం రేపు వింటాలే. గట్టెక్కు.”

ఆమె కదల్లేదు. “అది కాదండీ, పొద్దున గంజి పోస్తే...” అని మళ్లీ మొదటికే వచ్చింది. నేను వినకుండా నిప్పు పెట్టాను.

గాలికి మంట చటచటలాడుతూ లేచింది. తిరిగి చూస్తే మరియమ్మ మంటకేసి నడుస్తోంది. చెయ్యి పట్టి లాగాను.

“ఎక్కడికే?”

“నా కోడలు జ్వరంతో ఆ ఆకు కుప్ప వెనక పడుకుందండీ.”

అంత పొట్టిగా ఆమె మాట్లాడటం అదే మొదటిసారి. గోనెసంచులు కాలవలో తడిపి కప్పుకుని నలుగురం లోపలికి దూకాం. ఆ పిల్ల బతికింది. ఎడమ చెవి, చెంప కాలిపోయాయి.

“గట్టిగా అరవచ్చుగా?” అని తర్వాత అడిగాను.

“మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాగదండీ” అంది మరియమ్మ.

అరవై దాటాక చదవడం నేర్చుకున్నాను. వాక్యం చివరిదాకా చదివితేగాని అర్థం తెలియదని పంతులు గారు చెబితే తలొంచుకున్నాను. ఇప్పటికీ ఎవరైనా సాగదీసి మాట్లాడితే నాకు విసుగే. అయినా నోరు మూసుకుని చివరిదాకా కూర్చుంటాను.