ఉల్లిగడ్డ చివర

బాన్సువాడ బస్టాండు దగ్గర ఒక మేడ మీద కంప్యూటర్ సెంటర్ ఉండేది. నేను కోర్సు అక్కడే పూర్తి చేశాను. కొత్త బ్యాచ్‌కి పాఠాలు చెప్పేవాళ్ళు కావాలని, శనివారం ఒక క్లాసు చెప్పి చూపిస్తే ఆ పని నాకే ఇస్తానని సెంటర్ నడిపే సార్ అన్నారు. పాఠం ప్రాసెసర్. నలుగురిలో నోరు విప్పలేని దాన్ని. అయినా ఆ పని కావాలనిపించింది. డిగ్రీ అయ్యాక ఇంట్లోంచి బయటికి వెళ్ళడానికి నాకున్న దారి అదొక్కటే. పుస్తకంలోని నిర్వచనం డైరీలో మూడుసార్లు రాసి బట్టీ పట్టాను.

ఆ ఏడాదే నాన్న నిజామాబాద్ నుంచి ఫుడ్ ప్రాసెసర్ తెచ్చారు. దాంతో వచ్చిన పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంది. అమ్మ తెలుగే కూడబలుక్కుని చదువుతుంది. అయినా చదివి చెప్పమని నన్ను అడగలేదు. ఒక్కో బ్లేడు బిగించి, ఒక్కో ఉల్లిగడ్డ వేసి, ఏది ఏం చేస్తుందో తనే చూసుకుంది. పాత రవికె గుడ్డలతో బ్లేడుకో సంచి కుట్టింది, పనికో రంగు. చుట్టాలొచ్చే రోజు ముందు ఎండుకొబ్బరి కుడక, తర్వాత పల్లీలు, చివరికి ఉల్లిగడ్డ. మధ్యలో గిన్నె కడగాల్సిన పనే ఉండేది కాదు.

శనివారం బోర్డు ముందు నిలబడ్డాను. సార్ వెనక బెంచీలో కూర్చున్నారు. నిర్వచనం మొదటి ముక్క దగ్గరే ఆగిపోయింది. బిచ్కుంద నుంచి వచ్చే అమ్మాయి, వాళ్ళింట్లో కూరగాయలు తరిగే మిషన్‌ను కూడా ప్రాసెసరే అంటారు, అదేనా ఇది అని అడిగింది. అందరూ నవ్వారు.

అది తినే వస్తువులతో పనిచేస్తుంది, ఇది అంకెలతో, రెండూ మనం చెప్పిందే చేస్తాయి అన్నాను. అమ్మ వరస చెప్పబోయి, కంగారులో ఉల్లిగడ్డ ముందు, కుడక తర్వాత వేస్తుందన్నాను.

"ఉల్లిగడ్డ ముందేస్తే కుడకంత వాసన పట్టదా అక్కా?" అంది ఆ అమ్మాయే.

"పడుతుందని ప్రాసెసర్‌కి తెలుసా?"

"దానికేం తెలుస్తది? వేసేటోళ్ళకు తెల్వాలె."

"ఆ తెలిసింది వరసగా రాసిపెడితే, అదే ప్రోగ్రాం," అన్నాను. తర్వాత గంట ఎలా గడిచిందో తెలియలేదు.

సోమవారం నుంచి రమ్మన్నారు సార్. "ఆ తప్పు కావాలనే చెప్పినవ్ గదమ్మా?"

తలూపాను.

అమ్మకు మాత్రం నిజం చెప్పాను. తన వరస తప్పు చెప్పినందుకు కోప్పడుతుందనుకున్నాను. అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూనే, "అయిందేందో అయింది. సోమవారం ఏం చెప్తవో గది చూస్కో ఇగ," అంది.