ఊపని కప్పు

మా ముత్తాత నారాయణ శెట్టి, తాత గోవింద శెట్టి ఆదోనిలో పేరున్న పత్తి వ్యాపారులు. వాళ్లింట్లో అతిథి తనంతట తాను "చాలు" అనడం మర్యాద కాదు. లోటాలో మజ్జిగ పోయడం ఆపాల్సింది ఇంటివాళ్లే. వ్యాపారం పోయింది గాని మాకు ఆ నడవడి పోలేదు.

మస్కట్‌లో ఉద్యోగానికి చేరినప్పుడు, మా ఇంటి పేరుకు తగ్గట్టు కొత్త భవనాల పేటలోనే ఉండాలనుకున్నాను. "అద్దె కాగితం మీద సంతకం పెట్టకముందు మా సందు ఒకసారి సూడు సెట్టీ," అని ఆఫీసులో పరిచయమైన వీరేశ్ పాత రేవు వైపు తీసుకుపోయాడు. అతనిది ఎమ్మిగనూరు నేత కుటుంబం. అతనుండే ఇంట్లోనే పై వాటా ఖాళీగా ఉందట.

ఇంటి యజమాని, ఒక ముసలి అరబ్బు, పిడి లేని చిన్న కప్పులో కాఫీ పోశాడు. తాగాను. మళ్లీ పోశాడు. ఆయన ఆపలేదు, నేను వద్దనలేదు. నాకు చెమటలు పట్టాయి.

"కప్పు అట్లా ఇట్లా ఊపప్పా," అన్నాడు వీరేశ్ నవ్వు ఆపుకోలేక. "ఈడ సాలని సెప్పేది అట్లనే."

"ముందే చెప్పొచ్చు కదా."

"ఆదోనోళ్లు యాడిదాకా తాగుతారో సూద్దామని."

ఊపాను. జరిగింది వీరేశ్ అరబ్బీలో చెప్పగానే ముసలాయన పగలబడి నవ్వి ఏదో అన్నాడు.

"ఇంత మర్యాదస్తుడు వేరే పేటలో ఎట్లుంటాడని అడుగుతాండాడు."

కొత్త పేటలో ఇల్లు చూపించినవాడు నన్ను కూర్చోమని కూడా అనలేదు. ఆ వారమే సందులోకి మారాను.

ఆదోనిలో అతిథులకు మజ్జిగ పోసిన వెండి లోటాలను వ్యాపారం పోయినప్పుడు మా నాన్న ఇంటితో పాటే అమ్మేశారు. ముసలాయన కాఫీ పోసినప్పుడల్లా అవే గుర్తొస్తాయి.