అతుకు పడని పాల కవర్లు

పుణెలో సదాశివ్ పేఠ్‌లో పెండ్సే వాళ్ళ వంటింటి టైల్స్ మీద ఎప్పుడు చూసినా అరలీటరు పాల కవర్లు అంటుకుని ఉంటాయి. మూల మాత్రం కత్తిరించి పాలు వంపేసుకుని, కడిగి, తడిమీదే గోడకి కొడితే అంటుకుంటాయి. ఆరాక వాటంతటవే ఊడి పడతాయి. ఆ పేఠ్‌లో ఈ పని చెయ్యని ఇల్లు లేదు. అందరూ వాటిని పోగేసి పాతసామాన్ల వాడికి వేస్తారు. పెండ్సే వాళ్ళ ఇందూతాయి మాత్రం వాటిని కొండలెక్కిస్తుంది.

అరవై దాటిన మనిషి. కరెంటాఫీసులో టైపిస్టుగా చేసి రిటైరైంది. పెళ్ళికి ముందు నుంచీ గఢ్‌లు, అంటే కొండకోటలు, ఎక్కుతోంది. శనివారం మండలి అని ఒకటుంది, శనివారం రాగానే సంచులు భుజాన వేసుకుని సహ్యాద్రి మీద పడే జనం. దాన్ని మొదలుపెట్టిన నలుగురిలో ఇప్పటికీ నడుస్తున్నది ఈవిడ ఒక్కతే.

ఆవిడ పద్ధతి ఇది. కవర్లో నీళ్ళు పోస్తుంది. కత్తిరించిన మూలని హాక్సా బ్లేడు మీదుగా మడిచి, ఆ మడత అంచుని కొవ్వొత్తి మంటలోంచి ఒక్క ఊపున లాగుతుంది. ప్లాస్టిక్ కరిగి సన్నటి గట్టులా అతుకు పడుతుంది. దాహమైనప్పుడు రెండో మూల కొరుక్కుని తాగడమే, మిగిలితే మడిచి బట్టల క్లిప్పు పెట్టడమే. ఖాళీ అయ్యాక రుమాలులా మడిచి జేబులో పెట్టుకోవచ్చు. స్టీలు సీసా ఖాళీ అయినా దాని బరువు అది మోయిస్తూనే ఉంటుందని, దాన్ని మోసేవాళ్ళంతా తెలివితక్కువ వాళ్ళని ఆవిడ గట్టి నమ్మకం. ఆ మాట ఎవరి మొహం మీదైనా అనేస్తుంది కూడా.

ఇంకా చాలా ఉన్నాయి ఆవిడ విద్యలు. చెంచా కాడ కోసేసింది. జిప్పు బిగుసుకుంటే కొవ్వొత్తి ముక్క రుద్దుతుంది. అతుకుల టేపు చుట్టని మొత్తం మొయ్యకుండా కావలసినంత చేతికర్రకి చుట్టుకుంటుంది. నీళ్ళు చల్లగా ఉండాలంటే కవరుని తడి మేజోడులో తొడుగుతుంది. ఆ మేజోడు వాళ్ళాయన వసంతరావుది, జతలో రెండోది ఎక్కడుందో ఆ మహానుభావుడికి ఈనాటికీ తెలియదు.

"టూత్‌బ్రష్ సగానికి కోసేశావు. పళ్ళు కూడా సగమే తోముకుంటావా?" అంటాడాయన పేపరు చాటునుంచి.

"మీ నోరు ఒక్కటీ కొయ్యలేకపోయాను, అదే నా బాధ. ఏమండీ, ఆ బ్లేడు ఇటివ్వండి."

చూసేవాళ్ళకి ఇదంతా పిసినారి పిచ్చిలా కనపడుతుంది. అసలు సంగతి మోకాళ్ళు. కిందటేడు డాక్టరు ఎక్స్‌రే ఫిల్మ్ వెలుతురుకి ఎత్తి చూసి, "నడవండి, ఎక్కండి, కానీ భుజాన బరువు పెట్టారా, ఇక నా దగ్గరికి రాకండి" అన్నాడు. ఎంత బరువు అని ఈవిడ కూరగాయల బేరంలా బేరమాడింది. ఆయన విసుగెత్తి అయిదు కిలోలన్నాడు, అంతే.

బరువు లేకుండా వెళ్ళొచ్చు కదా, సంచి ఏ కుర్రాడో మోస్తాడు కదా అనుకుంటారేమో. అక్కడే ఉంది చిక్కంతా. మండలికి రెండు కట్టుబాట్లు ఉన్నాయి. ఎవరి సంచి వాళ్ళ భుజానే ఉండాలి. రాజ్‌గఢ్ కోట నుంచి తోరణా కోటకి కొండగట్టు మీదుగా వెళ్ళే ఏప్రిల్ నడకలో ఎవరైనా సంచి ఇంకొకరికి అప్పజెప్పారంటే, వాళ్ళకి ఆ నడక అదే ఆఖరు. రెండోది, ఆ గట్టు మీద నీటిచుక్క దొరకదు కాబట్టి మనిషికి నాలుగు లీటర్లు తప్పదు. రెండూ పెట్టింది ఇందూతాయే. ఒక ఏప్రిల్‌లో స్నేహితురాలు శైలజ నీళ్ళు చాలక గట్టు మీద కూలబడింది. మిగతావాళ్ళు మోసి దించారు. మనిషి బతికింది గానీ మళ్ళీ గడప దాటి కొండ వైపు చూడలేదు. ఆ తర్వాత పుట్టినవే ఈ కట్టుబాట్లు.

అప్పటినుంచీ బస్టాండులో ప్రతి సంచి కిందా అరచెయ్యి పెట్టి ఎత్తి చూస్తుంది ఇందూతాయి. తూకం రాళ్ళు అక్కర్లేదు ఆ చేతికి. "నీళ్ళు తక్కువున్నాయి, వెళ్ళి నింపుకురా" అందంటే మారుమాట్లాడిన వాడు లేడు.

ఈ ఏడు ఏప్రిల్ నడకకి వారం ముందు మంజిరీ అనే పిల్ల ఇంటికొచ్చింది. మండలికి కొత్త. ఏదో కంపెనీలో పని. నోట్లో పెట్టుకుని పీల్చుకునే గొట్టం ఉన్న ఖరీదైన నీళ్ళ సంచి కొనుక్కుంది. అయినా కవర్ల విద్య నేర్చుకోవాలని సరదా.

"అయ్యో, మళ్ళీ చిల్లు పడింది తాయీ!"

"నువ్వు హారతిస్తున్నట్టు లాగుతున్నావే పిల్లా. బస్సు వెళ్ళిపోతున్నట్టు లాగు."

మధ్యాహ్నానికి పిల్లకి చెయ్యి కుదిరింది. వేలితో అతుకు తడిమి చూసుకుని మురిసిపోయింది. ఇందూతాయికి కూడా ముచ్చటేసింది. కోకమ్ సర్బత్ ఇచ్చి పంపింది.

బయల్దేరే ముందురోజు సాయంత్రం సంచి సర్ది, వంటింటి కొక్కేనికి వేలాడే ముల్లుకాటాకి తగిలించింది. ముల్లు ఏడు దాటిపోయింది. సంచిలోంచి మారు చొక్కా తీసేసింది. దుప్పటి మార్చి పాత చీర పెట్టింది. శేంగదాణా చట్నీ, అదే పల్లీల పొడి, డబ్బాలోంచి కాగితం పొట్లంలోకి మారింది. ముల్లు ఆరున్నర దాటే ఉంది. ఇక తియ్యడానికి మిగిలింది నీళ్ళే. ఎన్ని విద్యలైనా ఉండనీ, నీళ్ళని సగానికి కొయ్యడం ఎవరి తరమూ కాదు, లీటరు నీళ్ళంటే కిలోనే.

అలా చూస్తూ నిలబడింది కాసేపు. తర్వాత ఎనిమిది కవర్లలో నాలుగు కొరికి నీళ్ళు తులసి మొక్కకి పోసేసింది. తడిసిన వాటి బదులు ఇంకో నాలుగు ఆరిన కవర్లు మడిచి పక్క జేబులో పెట్టుకుంది. అడిగితే తాగేశానంటుంది. తను తాగేదే తక్కువ, ఎవరికి నష్టం? తప్పని తెలుసు. ఇంకొకరు చేస్తే బస్సు దింపేసి ఉండేది. మోకాళ్ళ మీద కోపం, డాక్టరు మీద కోపం, అన్నిటికన్నా ఎక్కువ తన మీద తనకి కోపం. వసంతరావు "పడుకో ఇక" అంటే ఆయన మీద కయ్యిమంది.

తెల్లవారి స్వార్‌గేట్ బస్టాండులో అందరి సంచులూ ఎత్తి చూసింది. మండలిని ఇప్పుడు నడిపే మిలింద్ కదం నవ్వుతూ, "మరి తమరిది ఎవరు చూడాలి తాయీ?" అన్నాడు.

"నాది చూసే చెయ్యి ఇంకా పుట్టలేదురా."

అందరూ గొల్లున నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది, నవ్వుతూనే పక్క జేబు మూసుకుంది.

రాజ్‌గఢ్ నుంచి గట్టు మీదకి దిగేసరికే ఎండ నెత్తి మీదకొచ్చింది. మోకాళ్ళు మాట విన్నాయి. అయిదు కిలోలు అయిదు కిలోలే, హాయిగా ఉంది. తినడానికి ఆగినప్పుడు మంజిరీ సంచి కింద పడేసి, దాని మీదే చేరగిలబడి థాలీపీఠ్ రొట్టె తింది. గొట్టం మూతి వీపు కింద నలిగి తెరుచుకుంది. నీళ్ళు బొట్లు బొట్లుగా కారిపోయాయి. మళ్ళీ నడక మొదలెట్టినప్పుడు పిల్ల వీపు తడిసి ముద్దయింది. ఏప్రిల్‌లో గట్టు మీద ఎవరి వీపు పొడిగా ఉంటుంది? చెమటే అనుకున్నారు అందరూ. ఆ పిల్ల కూడా అనుకుంది.

నడిమి కనుమ దగ్గర మండలికి ఒక ఆచారం ఉంది. నీళ్ళ పంగత్ అంటారు. భోజనాల బంతిలా అందరూ వరసగా కూర్చుని ఎవరి నీళ్ళు వాళ్ళు ముందు పెట్టుకోవాలి. ఎక్కువున్న వాళ్ళు తక్కువున్న వాళ్ళకి పొయ్యాలి. అప్పటికి మంజిరీ మొహం ఎర్రగా కందిపోయింది. పిక్కలు పట్టేసి కుంటుతోంది. గొట్టం పీలిస్తే గాలి వచ్చింది. సంచి తెరిచి చూస్తే అడుగున తడి తప్ప ఏం లేదు.

"ఖాళీ! తాగలేదే నేనింకా సరిగ్గా..." అంది ఏడుపు గొంతుతో.

"కంగారు పడకు. తాయి సంచిలో ఉంటాయి. పిట్టలా తాగుతుంది ఆవిడ" అన్నాడు మిలింద్. ప్రతి ఏడూ కనుమ దగ్గర అందరికన్నా ఎక్కువ మిగిలేది ఇందూతాయికే. అందరి కళ్ళూ ఇటు తిరిగాయి.

ఇందూతాయి ముందు ఒక నిండు కవరు, క్లిప్పు పెట్టిన సగం కవరు ఉన్నాయి. పక్కనే మడత పెట్టిన ఖాళీలు ఉన్నాయి.

"ఈసారి బాగా తాగినట్టున్నారే! మంచిదే" అన్నాడు మిలింద్. నిజంగానే సంతోషించాడు పాపం.

నిండు కవరు కొరికి మంజిరీ నోటికి పట్టించింది ఇందూతాయి. పిల్ల గటగటా తాగింది. తాగి, ఖాళీ కవరు మడిచి మిగతా ఖాళీల మీద పెట్టబోతూ, అలవాటు కొద్దీ పై కవరు మూల తడిమింది. వేలికి గట్టు తగల్లేదు. ఇంకోటి తడిమింది. దానికీ అతుకు లేదు, రెండో మూలన కొరుకూ లేదు. నీళ్ళు ఎన్నడూ ఎరగని కవర్లవి. మంజిరీ తలెత్తి ఇందూతాయి మొహంలోకి చూసింది. కవర్లని ఎలా ఉన్నవి అలా మడిచి, ఇంకెవరికీ కనపడకుండా ఆవిడ కొంగు కిందకి తోసేసింది.

ఆ పిల్ల అరిచి గోల చేసినా తట్టుకునేదేమో. ఎండిన పెదాలతో అలా కాపాడబోవడం మాత్రం ఇందూతాయి తట్టుకోలేకపోయింది.

"మిలింద్, నేను తాగలేదురా. నింపలేదు. రెండు లీటర్లే తెచ్చాను."

"తమాషా చెయ్యకండి తాయీ."

"తమాషా ఏంటిరా! బరువు మొయ్యలేక నీళ్ళు వదిలేసొచ్చాను. మిమ్మల్నందర్నీ ఎత్తి చూసి, నా సంచిలో ఖాళీ కవర్లు పెట్టుకొచ్చాను."

వెనకనుంచి ఎవరో మెల్లిగా, "పోనీలెండి, వయసు..." అన్నారు.

"వయసు గియసు అనకు! వయసైతే ఇంట్లో కూర్చోవాలి. ఇది దొంగతనం" అని కసిరింది.

మిలింద్ అందరి నీళ్ళూ చూసుకున్నాడు. ఒక మనిషి నీళ్ళు పోతే పంగత్ సర్దుకునేది, అందుకే ఆ ఆచారం. ఇద్దరివి పోతే తోరణా దాకా చాలవు. పడమటి పక్క చీలిక దారిలో దిగితే గొర్రెలు కాచే ధన్‌గర్ల గుడిసెలున్నాయి. అక్కడ నీళ్ళు దొరుకుతాయి. కానీ దిగితే ఈ ఏడుకి నడక అయిపోయినట్టే.

"దిగుదాం" అన్నాడు. తోరణా వైపు ఒకసారి చూసి సంచి భుజానేసుకున్నాడు. ఏడాదంతా ఎదురుచూసిన నడక అది వాళ్ళందరికీ. ఒక్కరు కూడా గొణగలేదు. అది ఇంకా బాధగా ఉంది ఇందూతాయికి.

లేచి నిలబడి తన సంచి తీసి మిలింద్ ముందు పెట్టింది.

"ఎందుకు తాయీ? మొయ్యగలరుగా, తేలిగ్గానే ఉంది."

"తేలిగ్గా ఉంది కాబట్టే. పట్టుకో."

అతనికి అర్థమైంది. కళ్ళు తిప్పుకున్నాడు. "కట్టుబాటు మీరే పెట్టారు, మీరే తీసెయ్యండి" అన్నాడు.

"నాకోసం తీస్తే అది కట్టుబాటు ఎలా అవుతుందిరా? పట్టుకో అంటున్నానా!"

పట్టుకున్నాడు. చేతికర్ర ఒక్కటీ పట్టుకుని, ఖాళీ వీపుతో దిగింది ఇందూతాయి. దారిలో ఒకసారి అలవాటుగా భుజం మీద పట్టీ సర్దుకోబోయింది, అక్కడ పట్టీ లేదు. గుడిసెల దగ్గర ముసలి ధన్‌గర్ అవ్వ కుండ నీళ్ళిచ్చి, మజ్జిగిచ్చి, "ఇంత ఎండలో ఏం పోగొట్టుకుని వెతుకుతున్నారమ్మా పైన?" అని తిట్టింది. మంజిరీ మజ్జిగ తాగి, కాళ్ళు చాపుకుని, సాయంత్రానికి నవ్వింది.

ఇంటికొచ్చాక ఇందూతాయి వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఏడ్చింది. వసంతరావు ఈసారి హాస్యమాడలేదు. టీ పెట్టి తెచ్చాడు, చక్కెర మర్చిపోయాడు. ఆవిడ అలాగే తాగేసింది.

తర్వాత కూడా చిన్నచిన్న గఢ్‌లు ఎక్కుతూనే ఉంది, అయిదు కిలోలతో. ఇప్పుడు తన సంచి ముందు మంజిరీ చేతికి ఇచ్చి, "ఎత్తి చూడు" అన్నాకే మిగతా వాళ్ళవి ఎత్తి చూస్తుంది. గట్టు నడక మాట ఎత్తదు, ఇంకొకరు ఎత్తితే వినదు.

మళ్ళీ ఏప్రిల్ వచ్చింది. మండలి స్వార్‌గేట్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే రిక్షా దిగింది ఇందూతాయి. భుజాన సంచి లేదు. చేతిలో వసంతరావు మేజోళ్ళున్నాయి, ఈసారి జతకి జతా తడిపి తెచ్చింది. వాటిలో నాలుగు కవర్లున్నాయి, నీళ్ళతో నిండుగా. మూలలు పసుపుపచ్చగా ముదిరిపోయిన ఆ కిందటేటి కవర్లే. వాటిని మంజిరీకిచ్చింది.

"తాయీ, నాలుగు లీటర్లు నింపుకునే వచ్చాను. కావాలంటే ఎత్తి చూడండి."

"తెలుసు. ఇవి వాటికి పైన."

"ఇంకో రెండు కిలోలు మొయ్యమంటారా నన్ను?"

"ఊఁ, మొయ్యి. కిందటేడు కనుమ దాకా రావలసిన నీళ్ళివి. పంగత్‌లో పెట్టు."

మంజిరీ మేజోడులోంచి ఒక కవరు పైకి లాగింది. బొటనవేలితో మూల తడిమింది. అతుకు గట్టిగా, సన్నగా తగిలింది. నాలుగూ సంచి అడుగున, వీపుకి దగ్గరగా సర్దుకుని, వెనక్కి తిరిగి నిలబడింది. ఇందూతాయి సంచి కింద అరచెయ్యి పెట్టి ఎత్తి చూసింది. చాలాసేపు అలాగే పట్టుకుంది.

"సరిపోయింది. వెళ్ళిరా" అంది.