పోయిందన్న మనిషి

ఆ వీధిలో అందరూ ఆమెను బొంతలావిడ అనే పిలుస్తారు. పాతబట్టలు కత్తిరించి, ముక్కకు ముక్క అతికి బొంతలు కుడుతుంది. ఇరవై రెండేళ్ళుగా అదే మిషను, కిటికీ పక్కన అదే స్టూలు. ఫోను మాత్రం ఆమెకు పడదు. ఆన్‌లైన్‌లో ఆర్డర్లు తీసుకోవడం, జవాబులివ్వడం ఇంటాయన పని. ఆయనేమో ఒంటి వేలితో టైపు చేస్తూ వాక్యంలో సగం మాటలు మింగేసే రకం. సూదిలో దారం ఎక్కించడం చేతకాదు గానీ, కస్టమర్లతో కబుర్లంటే చెవి కోసుకుంటాడు.

ఆ ఉదయం ఆమె మెడలో టేపు వేసుకుని ఓ చొక్కా జేబు విప్పుతోంది. జేబు అడుగున సిరా మరక. ఒక టీచరమ్మ, చనిపోయిన తన భర్త చొక్కాలు పదకొండు పంపి, కప్పుకోవడానికి బొంత కుట్టమంది. ఆ మరక ముక్కను సరిగ్గా మధ్యలోకి ఎలా తేవాలా అని బొంతలావిడ మూడు రోజులుగా తల బద్దలు కొట్టుకుంటోంది. అంతలో ఎవరో తలుపు తట్టారు.

గుమ్మంలో ఒక పెద్దావిడ, చేతిలో భోజనం కేరియరు.

"బొంతలు కుట్టే ఆయన ఇల్లు ఇదేనా అమ్మా? చొక్కాలు పంపించిన టీచర్ని."

"రండి టీచరుగారూ! కుట్టేది ఆయన కాదు, నేను."

"మీరు ఆయనకేమవుతారు?"

"భలేవారే! భార్యను."

టీచరమ్మ మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. "రెండో ఆవిడా?" అంది.

"మొదటిదాన్నే, ఆఖరిదాన్ని కూడా. ఏం?"

టీచరమ్మ ఫోను తీసి చూపించింది. చొక్కాలు పంపితే బొంత ఎన్నాళ్ళకు అందుతుందని ఆమె ఎనిమిది నెలల కింద అడిగిన ప్రశ్నకు ఇంటాయన జవాబు అందులో ఉంది: "మా ఆవిడ పోయింది. ఆలస్యమవుతుంది."

బొంతలావిడకు నవ్వొచ్చింది. అప్పట్లో అక్కకు చెయ్యి విరిగితే రెండు వారాలు సాయం వెళ్ళింది. 'అక్క ఇంటికి' అన్న మాటలు మింగేశాడు మహానుభావుడు! కానీ కింద ఉన్నవి చదివేసరికి నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. "అయ్యో, ఆ బాధ నాకూ తెలుసు" అని టీచరమ్మ. దానికి ఆయన: "ఆవిడ మిషను మీదే నేను కుడుతున్నాను. ఆ చప్పుడు వింటుంటే ఆవిడ పక్కనే ఉన్నట్టుంటుంది." అక్షరం తప్పు లేదు, ఒక్క మాటా మింగలేదు.

బొంతలావిడ ఆ మాటలు మళ్ళీ చదివింది. తన చావు, తన పని, రెండూ ఆయన ఖాతాలోకే వెళ్ళిపోయాయి.

పెరట్లోంచి వచ్చిన ఇంటాయన ఇద్దరినీ చూసి కొయ్యబారిపోయాడు.

"ఏంటండీ ఇది?" అంటూ బొంతలావిడ ఫోను చూపించింది.

ఆయన ఫోను వంక చూశాడు. "మొదట పొరపాటే. ఆవిడ అంత ఆప్యాయంగా రాస్తే కాదని ఎలా చెప్పను? తర్వాత ఇంకొందరికీ చెప్పాను. నమ్మారు. నీ పని పెరగాలనే కదా..."

"ఎంతమందికి?"

"అందరికీ."

టీచరమ్మ నెమ్మదిగా అంది: "నాలాగే ఒంటరివాడు కదా, జాగ్రత్తగా చూసుకుంటాడని ఇచ్చాను. మొన్నమొన్నటిదాకా ఎవరినీ ముట్టనివ్వలేదు వాటిని. నా చొక్కాలు నాకిచ్చేయండి."

బొంతలావిడ చొక్కాలు మడత పెట్టింది. విప్పిన జేబును మళ్ళీ దాని చొక్కాకే పిన్నుతో గుచ్చింది.

"మరక కడగలేదమ్మా. మధ్యలో పెడదామనుకున్నాను."

టీచరమ్మ ఆ జేబును వేలితో తడిమింది. "మీ మాట నిజమే అయ్యుండొచ్చు. కానీ ఇప్పుడు నాకెలా తెలుస్తుంది?" అని చొక్కాలు సంచీలో వేసుకుని వెళ్ళిపోయింది. ఒంటి మనిషి ఏం తింటున్నాడో అని తెచ్చిన కేరియరు బల్ల మీదే ఉండిపోయింది.

బొంతలావిడకు ఏడుపు రాలేదు. మిషను మీద గుడ్డ కప్పి, నాలుగు బట్టలు సంచీలో కుక్కుకుని చెప్పులేసుకుంది.

"ఎక్కడికే?"

"అక్క ఇంటికి."

"ఆర్డర్లవాళ్ళు అడిగితే ఏం చెప్పను?"

"మీకు అలవాటైన మాటేగా. పోయిందని చెప్పండి."