ఎర్ర మందు సీసాలో మేస్త్రి వాటా

2022 జూన్. సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో రెండు గదుల క్లినిక్ నాది. ముందు గదిలో వచ్చినవాళ్లు కూర్చునే బెంచీ, లోపలి గదిలో స్టీలు టేబులు. పశువైద్యురాలిగా అప్పటికి ఇరవై ఏళ్లు దాటాయి. చేతికి తగిలిన గడ్డ మంచిదో చెడ్డదో సూది గుచ్చకముందే చాలాసార్లు చెప్పేయగలను. ఆ ధీమా నాకు కాస్త ఎక్కువే, ఒప్పుకుంటాను. మనుషుల్ని కూడా అలాగే చూడగానే చెప్పేయగలనని అనుకునేదాన్ని. నేను బోర్లా పడింది అక్కడే.

శాయిలు అనే పెయింటర్ తన కుక్కను తీసుకుని తిరుమలగిరి నుంచి వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. చొక్కా నిండా రంగు మరకలు, గోళ్లలో సున్నం. కుక్క గోధుమరంగు నాటు కుక్క, ఎనిమిదేళ్లది. పేరేమిటని అడిగితే "మేస్త్రి" అన్నాడు. రోజూ అతనితో పాటు పనికి వెళ్లి, నీడ చూసుకుని కూర్చుని, కూలీలందరి వంకా పెత్తనంగా చూస్తుందట. దాంతో వాళ్లే ఆ పేరు పెట్టారట.

"మెడ కింద గడ్డలు లేసినయ్ మేడం. పట్టా బిగుసుకున్నదేమో అని లూజు చేసిన. అయినా తగ్గలే" అన్నాడు.

మెడ కింద, భుజాల ముందు, వెనక మోకాళ్ల దగ్గర, అన్నిచోట్లా ఉబ్బిన గ్రంథులే. ఎఫ్.ఎన్.ఏ.సి. చేశాను. అంటే సన్నని సూదితో గడ్డలోంచి నాలుగు కణాలు లాగి, గాజు పలక మీద పూసి, మైక్రోస్కోపులో చూడటం. అనుమానించినట్టే లింఫోమా. రోగాలతో పోరాడే తెల్ల కణాలకే పట్టే క్యాన్సరది.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి కీమోథెరపీ. నయమైపోదు గానీ గడ్డలు కరిగి, కుక్క ఏడాది దాకా హాయిగా తిరుగుతుంది. దాన్ని రెమిషన్ అంటాం, జబ్బు అణిగి ఉండటమన్నమాట. ఖర్చు మాత్రం ఎక్కువ. రెండోది స్టెరాయిడ్ మాత్రలు. చవక. నెలా, రెండు నెలలు నెట్టుకొస్తాయి. ఇంకో చిక్కేమిటంటే, ఆ మాత్రలు కొన్ని వారాలు పడ్డాక కీమో మొదలుపెడితే సరిగ్గా పనిచేయదు.

నేను అతని చొక్కా చూశాను. మొదటి దారి సంగతి ఎత్తనే లేదు.

"ఇది క్యాన్సర్ అన్నా. గోలీలు రాస్త. ఆకలైతది, జెర హుషారుగ ఉంటడు. ఉన్నన్ని దినాలు మంచిగ చూస్కో."

"ఎన్ని దినాలు మేడం?"

"నెల. బాగుంటే రెండు నెల్లు."

అతను కుక్కను చేతుల మీద ఎత్తుకుని వెళ్లిపోయాడు. అది పద్దెనిమిది కిలోలు, నడవగలదు కూడా. అయినా ఎత్తుకునే వెళ్లాడు. దయగా, తెలివిగా మాట్లాడానని నాకు నేనే శభాష్ చెప్పుకుని తర్వాతి కేసు పిలిచాను.

అయిదో రోజు బుధవారం, మాత్రలు ఎలా పడ్డాయో చూపించడానికి వచ్చాడు. బెంచీ మీద అతని పక్కన సత్యవతి గారు కూర్చుని ఉన్నారు. కాకినాడ వైపు నుంచి వచ్చి మారేడ్‌పల్లిలో స్థిరపడిన రిటైర్డు టీచరు ఆవిడ. ఆవిడ కుక్క, గోల్డెన్ రిట్రీవర్ జాతి బంగారానికీ ఇదే జబ్బు. కీమో రెండు డోసులు అయ్యాయి. ఆవిడకు పక్కన మనిషి కనబడితే నోరు ఊరుకోదు.

శాయిలు లోపలికి వచ్చి కుక్కను టేబులు ఎక్కించలేదు. నిలబడే అడిగాడు.

"మేడం, ఆ అమ్మ కుక్కకు ఏం బీమారి?"

"లింఫోమా."

"మావోనికి?"

నేను టేబులు మీది కాగితాలు సర్దాను.

"మావోనికి సుత గదే గద! ఆ అమ్మకు చెప్పిన ముచ్చట నాకెందుకు చెప్పలే?"

"చాన ఖర్చు అన్నా. అరవై వేల దాకా అయితది. ఊకె పరేషాన్ అయితవని..."

"నా జేబుల చెయ్యి పెట్టి చూసిన్రా? నా అంగీ చూసిన్రు, అంతే. పెడ్తనో పెట్టనో నేను చెప్పాలె. మీరు చెప్పుడేంది?"

నా మీద అరిచినవాళ్లు చాలామందే ఉన్నారు. అందరికీ దీటుగా సమాధానం చెప్పి పంపినదాన్నే. ఇతని ముందు మాత్రం సిగ్గుతో మొహం వేడెక్కిపోయింది. "తప్పు నాదే" అన్నాను. ఆ మాట నా క్లినిక్‌లో అంతకుముందు ఎప్పుడన్నానో గుర్తులేదు. మాత్రలు మొదలై నాలుగు రోజులే అయ్యాయి, ఇంకా మించిపోలేదని చెప్పి, అతన్ని కూర్చోబెట్టి మొత్తం వివరించాను. మందులు, ప్రతిసారీ రక్త పరీక్ష, ల్యాబ్ వాళ్లు వచ్చి పోయే చార్జీ, నా ఫీజు. ఇంత చేసినా మేస్త్రి ముసలితనం చూడడని కూడా చెప్పాను.

అతను వేళ్ల మీద లెక్క కట్టుకున్నాడు. "బండి మారుద్దామని నలభై జమ చేసిన. గంతే ఉన్నయ్. అప్పు మాత్రం చెయ్య మేడం. ఇంట్ల పిల్ల చదువున్నది."

తలుపు తెరిచే ఉంది. సత్యవతి గారికి అన్నీ వినబడుతున్నాయి. లోపల బంగారానికి ఎక్కించాల్సిన మందు సిద్ధంగా ఉంది. దాని పేరు డాక్సోరూబిసిన్. రంగును బట్టి మేము ఎర్ర మందు అంటాం. మూడు వారాలకోసారి సెలైన్‌తో నరంలోకి చాలా నెమ్మదిగా ఎక్కించాలి. అన్నిటికన్నా ఖరీదు దానిదే. శాయిలు కళ్లు దాని మీద పడ్డాయి.

"ఆ సీసా మొత్తం ఒక్క కుక్కకేనా?"

"కాదు. సగం కన్నా కొంచెం ఎక్కువ."

"మిగిలింది?"

"పారేస్తం. తెరిచినంక దాచనీకి ఉండదు."

నా వంక ఎంత వింతగా చూశాడో! "ఏందీ మేడం గిది? గోడకు పెట్టే లప్పం కలిపినంక దాస్తే రాయి అయితది. అందుకని మేం ఒక ఇంటికి కలపం. రెండిండ్ల పని ఒక్కదినమే పెట్టుకుంటం. గీ మాత్రం ఎట్ల తెల్వలే మీకు?"

బయటి నుంచి సత్యవతి గారి గొంతు ఖంగుమంది. "ఏవండీ డాక్టరు గారూ! అంటే ఇన్నాళ్లూ నా సగం డబ్బులు చెత్తబుట్టలో పోస్తున్నారా?"

కాగితం తీశాను. బంగారం ఇరవై ఎనిమిది కిలోలు, మేస్త్రి పద్దెనిమిది. ఒంటి కొలతను బట్టి ఇద్దరి డోసూ లెక్క కడితే, ఒక్క సీసాలో ఇద్దరికీ సరిపోయి చుక్క మిగిలింది. ఇద్దరి రక్తమూ ల్యాబ్ వాళ్లు ఒకేసారి తీసుకువెళితే ఆ చార్జీ కూడా సగమే. మొత్తం నలభై వేల లోపుకి దిగింది. నా ఫీజు పైసా తగ్గించలేదు, అతను అడగనూ లేదు. ఇరవై ఏళ్ల చదువూ అనుభవమూ ఉండి, లప్పం పెట్టే మనిషి చెప్పేదాకా నాకీ సంగతి తట్టలేదు.

ఆ సాయంత్రమే, రక్త పరీక్ష రాగానే, బంగారంతో పాటు అదే సీసాలోంచి మేస్త్రికి మొదటి డోసు పడింది. పది రోజుల్లో మెడ కింద గడ్డలు వేలికి దొరకలేదు. మందు ప్రభావంతో తెల్ల కణాలు తగ్గే రోజుల్లో దుమ్ములోకి తీసుకెళ్లొద్దంటే, వాడు ఇంట్లో పడుకుని అలిగి అన్నం మానేశాడట. "పనికి పోకుంటే దిమాక్ ఖరాబ్ అయితుంది వానికి" అని శాయిలు ఒకటే గోల. తోటి పెయింటర్లు నవ్వుతున్నారని కూడా చెప్పాడు. "నవ్వనియ్యి మేడం. వాళ్లు తాగుడుకు పెట్టిన పైసల్ నేను లెక్కపెట్టిన్నా?"

మేస్త్రికి మూడో డోసు పడాల్సిన బుధవారం బంగారానికి తెల్ల కణాలు బాగా పడిపోయాయి. ఎక్కించడానికి లేదు. మేస్త్రిని ఆపలేను, ఆపితే జబ్బు పుంజుకుంటుంది. సీసా ఖర్చంతా శాయిలు మీద పడుతుంది. సత్యవతి గారు పర్సు తీశారు.

"నా సగం నేనిస్తానండి. మాటంటే మాటే."

"మీ కుక్కకు ఎక్కనిది మీరెందుకిస్తరమ్మా? వద్దు."

"నువ్వూరుకో బాబూ. వచ్చేవారం మావాడికి కొత్త సీసా తెరిస్తే నువ్విద్దువు గాని సగం."

"అగ్గో, గది ఇన్సాఫ్! గట్లయితే తీస్కుంట."

క్లినిక్‌లో ఇద్దరు మనుషులు డబ్బుల కోసం అలా పోట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. కళ్లు తడిసి, ఫైలు వెతుకుతున్నట్టు పక్కకు తిరిగాను.

కీమో అయిదు నెలల్లో పూర్తయింది. ఆ తర్వాత మేస్త్రి మరో ఆరు నెలలు రోజూ పనికి వెళ్లాడు. జబ్బు తిరగబెట్టినప్పుడు మళ్లీ అన్ని దారులూ చెప్పాను. శాయిలు విని, "చాలు మేడం. ఇగ వాన్ని తక్లీఫ్ పెట్టొద్దు" అన్నాడు. ఈసారి ఆ మాట అతను అన్నాడు, నేను కాదు.

మేస్త్రి పోయిన వారానికి ఒక్కడే వచ్చాడు, మిగిలిన మాత్రలు ఎవరికైనా పనికొస్తాయేమోనని. ఉండబట్టలేక అడిగాను. "అన్నా, అన్ని పైసల్ పెట్టినందుకు ఎప్పుడన్న బాధ అయిందా?"

"పైసలకు కాదు మేడం. ఒక్కటే యాదికొస్తది. ఆ దినం బెంచీ మీద ఆ అమ్మ లేకుంటే వాడు రెండు నెలలకే పోతుండె. నాకేం తెలుస్తుండె? పాపం డాక్టరమ్మ మంచిగ చూసింది అని మీకు దండం పెట్టి పోతుంటి."

అతను మామూలుగానే అన్నాడు, దెప్పడానికి కాదు. నాకు మాత్రం ఆ రోజు అన్నం సహించలేదు.

ఇప్పుడు నా టేబులు ముందుకు ఎవరు వచ్చినా, ఏం కట్టుకుని వచ్చినా, ఉన్న దారులన్నీ చెబుతాను, ఖర్చుతో సహా. కీమో కుక్కలన్నిటికీ బుధవారమే. కొందరు విని అప్పటికప్పుడే వద్దంటారు, అది వాళ్లిష్టం. చెప్పడం వరకూ నా పని, ఆ పని నేను బాగా చేస్తున్నాను. కానీ అంతకుముందు ఇరవై ఏళ్లలో, ఏమీ తెలియకుండా నాకు దండం పెట్టి వెళ్లినవాళ్లు ఎందరో నాకు తెలియదు.